తీరప్రాంత రొయ్యల సాగు అనుమతుల నిర్ణయాల్లో నిపుణ వ్యవస్థల పాత్ర

ఉపోద్ఘాతం

గోదావరి, కృష్ణా డెల్టాల్లో సముద్రానికి చేరువగా ఉన్న గ్రామాల్లో వరి మడి, రొయ్యల చెరువు ఒకే గట్టుకు ఇరువైపులా ఉండటం సాధారణం. చెరువులోని ఉప్పునీరు గట్టు కింద నుంచి ఊరితే పక్క మడిలోని పైరు దెబ్బతింటుంది. మురుగు కాలువలోకి వదిలిన నీరు దిగువ గ్రామపు తాగునీటి చెరువును చేరవచ్చు. మరోవైపు, చట్టప్రకారం అర్హత ఉన్న రైతుకు అనుమతి ఆలస్యమైతే ఒక పంటకాలం, దాని కోసం సమకూర్చుకున్న పెట్టుబడి రెండూ నష్టమవుతాయి. కాబట్టి రొయ్యల సాగుకు అనుమతి ఇవ్వడం, నిరాకరించడం రెండూ ఎవరో ఒకరి జీవనాధారాన్ని తాకే నిర్ణయాలే.

ఇటువంటి దరఖాస్తును పరిశీలించే అధికారి చట్టం, నియమావళి, భూరికార్డులు, తీరమండల పటాలు, నేల, నీటి పరీక్షల ఫలితాలు, స్థానిక మురుగునీటి వ్యవస్థ అన్నింటినీ ఒకేసారి దృష్టిలో ఉంచుకోవాలి. ఈ పరిజ్ఞానం ఒకే వ్యక్తి వద్ద ఉండటం అరుదు. అనుభవజ్ఞుడైన అధికారి బదిలీ అయితే ఆయనతోపాటు ఆ అనుభవమూ వెళ్ళిపోతుంది. ఫలితంగా ఒకే విధమైన రెండు దరఖాస్తులపై రెండు భిన్న నిర్ణయాలు వెలువడే అవకాశం ఉంటుంది. ఈ లోటును తీర్చడంలో నిపుణ వ్యవస్థలు, అనగా ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్, ఎంతవరకు ఉపకరిస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

నిపుణ వ్యవస్థ స్వరూపం

ఒక రంగంలోని నిపుణుల పరిజ్ఞానాన్ని సూత్రాల రూపంలో భద్రపరచి, నిర్దిష్ట సమస్యకు ఆ సూత్రాలను అన్వయించి, సలహాను, దానికి గల కారణాన్ని అందించే కంప్యూటర్ కార్యక్రమాన్ని నిపుణ వ్యవస్థ అంటారు. ఇందులో నాలుగు భాగాలు ముఖ్యమైనవి. సూత్రాలు ఉండే విజ్ఞాన నిధి మొదటిది. ప్రస్తుత దరఖాస్తుకు సంబంధించిన వాస్తవాల పట్టిక రెండవది. సూత్రాలను వాస్తవాలకు జోడించే తర్క యంత్రాంగం మూడవది. ‘ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నారు?’, ‘ఈ నిర్ణయానికి ఎలా వచ్చారు?’ అన్న ప్రశ్నలకు జవాబిచ్చే వివరణ విభాగం నాలుగవది.

విజ్ఞాన నిధి, తర్క యంత్రాంగం వేర్వేరుగా ఉండటమే ఈ వ్యవస్థలకు, సాధారణ కంప్యూటర్ కార్యక్రమాలకు గల ప్రధాన భేదం. చట్టం మారినప్పుడు సంబంధిత సూత్రాన్ని మార్చితే చాలు, యంత్రాంగాన్ని తిరిగి రాయనవసరం లేదు.

తర్కం రెండు విధాలుగా సాగుతుంది. లభ్యమైన వాస్తవాల నుంచి బయలుదేరి వాటి ద్వారా తేలే ఫలితాలన్నింటినీ రాబట్టడం పురోగామి తర్కం. ‘ఈ స్థలం అర్హమైనదేనా?’ వంటి ప్రశ్నతో మొదలుపెట్టి, దానిని నిర్ధారించడానికి కావలసిన వాస్తవాలను మాత్రమే వెదకడం తిరోగామి తర్కం. అనుమతుల పరిశీలనకు రెండవది ఎక్కువ అనువైనది. దరఖాస్తుదారును అనవసరమైన ప్రశ్నలు అడగవలసిన పని ఉండదు.

ఈ విధానం కొత్తది కాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1965లో మొదలైన డెండ్రాల్ రసాయన పదార్థాల అణు నిర్మాణాన్ని గుర్తించడానికి ఉద్దేశించినది. 1970లలో అక్కడే రూపొందిన మైసిన్, రక్తంలోని బాక్టీరియా వ్యాధులకు చికిత్సను సూచించేది. తాను అడిగే ప్రశ్నకు, ఇచ్చే సలహాకు కారణం చెప్పగలగడం దాని విశిష్టత. వ్యవసాయ రంగంలో 1980లలో పత్తి పంటకు రూపొందిన కోమాక్స్, గాసిమ్ అనే పంట నమూనాతో కలిసి నీటి తడులు, నత్రజని ఎరువుల గురించి సలహా ఇచ్చేది. చట్టాన్ని తర్క సూత్రాలుగా రాయవచ్చని నిరూపించినది లండన్‌లోని ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు 1986లో ప్రచురించిన కృషి. వారు బ్రిటిష్ జాతీయతా చట్టాన్ని ప్రోలాగ్ భాషలోకి మార్చారు. పర్యావరణ నియంత్రణకు శాస్త్రసలహా, చట్టాన్వయం రెండూ అవసరం గనుక ఈ రెండు ధారలూ ఇక్కడ కలుస్తాయి.

రొయ్యల సాగు నియంత్రణ నేపథ్యం

1991 తీర నియంత్రణ మండల ప్రకటన, దాని తరువాత 1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, తీరప్రాంత రొయ్యల సాగు నియంత్రణకు పునాది వేశాయి. వ్యవసాయ భూములు, ఉప్పు మడులు, మడ అడవులు, చిత్తడి నేలలు, అటవీ భూములు, గ్రామ ఉమ్మడి అవసరాలకు ఉద్దేశించిన భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని ఆ తీర్పు ఆదేశించింది. దానిని అనుసరించి 1997లో ఆక్వాకల్చర్ అథారిటీ ఏర్పడింది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టాన్ని ఆమోదించింది. ఈ సంస్థ ప్రధాన కార్యాలయం చెన్నైలో ఉంది.

2005 నియమావళి ప్రకారం దరఖాస్తులు మొదట జిల్లా స్థాయి కమిటీకి వస్తాయి. కలెక్టర్ అధ్యక్షతన గల ఈ కమిటీలో మత్స్యశాఖతోపాటు రెవెన్యూ, వ్యవసాయ, పర్యావరణ శాఖలకు ప్రాతినిధ్యం ఉంటుంది. 2 హెక్టార్ల వరకు నీటి విస్తీర్ణం ఉన్న దరఖాస్తులను జిల్లా కమిటీ నేరుగా అథారిటీకి సిఫారసు చేస్తుంది. అంతకు మించినవి రాష్ట్ర స్థాయి కమిటీ ద్వారా వెళ్తాయి. ఒకే దరఖాస్తును భిన్న శాస్త్ర నేపథ్యాలున్న అధికారులు పరిశీలిస్తారు కాబట్టి అందరికీ ఒకే ఆధారాలు, ఒకే తర్కక్రమం అందుబాటులో ఉండటం అవసరం.

నిబంధనలను సూత్రాలుగా మార్చడం

నిపుణ వ్యవస్థలోని ప్రతి సూత్రం ‘అయితే’ అన్న షరతుతోను, దాని ఫలితంతోను కూడి ఉంటుంది. 2005 చట్టం, దాని కింద వెలువడిన మార్గదర్శకాల నుంచి కొన్ని ఉదాహరణలు గమనించవచ్చు.

సూత్రం 1: స్థలం సముద్రం, నది, ఏరు లేదా ఉప్పుటేరు పోటు గరిష్ఠ రేఖ నుంచి 2 కిలోమీటర్ల లోపల ఉండి, సాగుకు వాడేది ఉప్పునీరు అయితే, దరఖాస్తు ఈ చట్టం పరిధిలోకి వస్తుంది.

సూత్రం 2: భూమి మడ అడవి, ఉప్పు మడి, చిత్తడి నేల, వ్యవసాయ భూమి, అటవీ భూమి, గ్రామ ఉమ్మడి భూమి వీటిలో ఏదైనా అయితే, మార్పిడికి అనర్హం.

సూత్రం 3: సమీప ఆవాసంలో జనాభా 500 కంటే తక్కువ అయితే కనీస దూరం 100 మీటర్లు, 500 మించితే 300 మీటర్లు ఉండాలి.

సూత్రం 4: సమీప తాగునీటి వనరుకు గల దూరం 100 మీటర్ల కంటే తక్కువ అయితే, స్థలం అనర్హం.

సూత్రం 5: విస్తీర్ణం 5 హెక్టార్లు లేదా అంతకు మించినా, పెంచే జాతి వెనామీ అయినా, వ్యర్థజల శుద్ధి చెరువు తప్పనిసరి.

పైకి సరళంగా కనిపించే ఈ సూత్రాలను రాసేటప్పుడే అసలైన చిక్కులు బయటపడతాయి. మొదటి సూత్రాన్నే తీసుకుంటే, నదులు, ఏరుల వెంట తీరప్రాంతం ఎంతవరకు వ్యాపిస్తుందన్నది పోటు ప్రభావంపై, నీటిలో లవణ సాంద్రత వెయ్యికి 5 పాళ్ళకు తగ్గకపోవడంపై ఆధారపడి ఉంటుంది. గోదావరి పాయలో ఆగస్టులో వరద సమయాన తీసిన నమూనాకు, మే నెలలో తీసిన నమూనాకు చాలా వ్యత్యాసం ఉంటుంది. ఈ కొలతను సంవత్సరంలో అత్యంత పొడిగా ఉండే కాలంలో తీయాలని 2011 తీర నియంత్రణ మండల ప్రకటన పేర్కొంది. కాబట్టి వ్యవస్థ లవణ సాంద్రతతోపాటు నమూనా సేకరించిన తేదీని కూడా తప్పక అడగాలి.

రెండవ సూత్రంలో ‘వ్యవసాయ భూమి’ అన్న మాట మరింత క్లిష్టమైనది. అడంగల్‌లో మాగాణిగా నమోదై, చవుడు తేలి, కొన్నేళ్ళుగా బీడుగా పడి ఉన్న భూమిని ఏ కోవలో చేర్చాలి? పక్క చెరువు ఊట వల్లే ఆ భూమి చవుడు తేలి ఉంటే, దానిని సాగుకు పనికిరానిదిగా పరిగణించి చెరువుకు అనుమతించడం నష్టాన్ని కలిగించినవారికే ప్రతిఫలం ఇచ్చినట్లవుతుంది. ఇటువంటి సందర్భంలో వ్యవస్థ సొంతంగా నిర్ధారణకు రాకుండా, నేల పరీక్షను, పూర్వ సాగు చరిత్రను కోరి, విషయాన్ని కమిటీ విచక్షణకు నివేదించాలి.

మూడు రకాల పరిజ్ఞానం

విజ్ఞాన నిధిలోని సూత్రాలన్నీ ఒకే స్థాయివి కావు. మొదటి రకం చట్టబద్ధమైన సూత్రాలు. వీటికి మినహాయింపు ఇచ్చే అధికారం వ్యవస్థకు గాని, అధికారికి గాని ఉండదు. రెండవ రకం శాస్త్రీయ ప్రమాణాలు. నేల సంతృప్త ద్రావణపు విద్యుద్వాహకత మీటరుకు 4 డెసిసైమన్లు మించితే దానిని చవుడు నేలగా వర్గీకరిస్తారు. వరి పైరు అంతకంటే ముందే, సుమారు 3 డెసిసైమన్ల వద్ద, దిగుబడి కోల్పోవడం మొదలుపెడుతుంది. ‘చవుడు నేల కాదు’ అన్న వర్గీకరణ పక్క మడికి రక్షణ కాదని ఈ రెండు అంకెల మధ్య అంతరం తెలియజేస్తుంది. మూడవ రకం అనుభవ పరిజ్ఞానం. ఇసుక పొరలున్న నేలలో ఊట ఎంత దూరం పోతుంది, ఏ మురుగు కాలువ వర్షాకాలంలో వెనక్కి తన్నుతుంది, ఏ గ్రామపు మంచినీటి చెరువును ఏ కాలువతో నింపుతారు వంటివి ఇందులోకి వస్తాయి. ఇది గ్రంథాల్లో దొరకదు. లష్కర్ల నుంచి, స్థానిక రైతుల నుంచి, క్షేత్ర సిబ్బంది నుంచి సేకరించాలి.

ప్రతి సూత్రానికి దాని రకం, మూలం, అమలులోకి వచ్చిన తేదీ జతపరచి ఉండాలి. అనుభవ సూత్రం చట్ట సూత్రం వేషంలో నిరాకరణకు కారణం కాకూడదు. అదేవిధంగా, చట్ట సూత్రం కేవలం సలహాగా దిగజారకూడదు.

తేదీ ఆవశ్యకతను 2023 సవరణ చట్టం స్పష్టం చేస్తుంది. 2005 చట్టం పోటు గరిష్ఠ రేఖ నుంచి 200 మీటర్ల లోపల సాగును నిషేధించింది. 2023 సవరణ ఈ అంకె స్థానంలో తీర నియంత్రణ మండలంలోని అభివృద్ధి రహిత మండలాన్ని ఆధారం చేసుకుంది. హేచరీల వంటి కొన్ని యూనిట్లకు వేరుగా వెసులుబాటు కల్పించింది. 2019 ప్రకటన ప్రకారం గ్రామీణ తీరంలో ఈ మండలం వెడల్పు అన్నిచోట్లా ఒకటి కాదు. చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనసాంద్రత ఉన్న ప్రాంతంలో అది 50 మీటర్లు, తక్కిన గ్రామీణ ప్రాంతంలో 200 మీటర్లు. ఒకప్పుడు టేపుతో కొలిస్తే తేలే విషయం ఇప్పుడు జనగణన సమాచారంపై, ఆమోదం పొందిన తీరమండల పటంపై ఆధారపడింది. ‘200’ అన్న అంకెను కార్యక్రమంలో శాశ్వతంగా పొందుపరచిన వ్యవస్థ ఈ మార్పు తరువాత తప్పుడు సలహా ఇస్తుంది. పై సూత్రాల్లోని దూరాలను కూడా అమలు చేసే ముందు ప్రస్తుత నియమావళితో సరిచూడటం తప్పనిసరి.

ఒక ఊహాత్మక దరఖాస్తు

వ్యవస్థ పనితీరు ఒక ఊహాత్మక ఉదాహరణతో తేటపడుతుంది. ఒక రైతు 1.6 హెక్టార్ల నీటి విస్తీర్ణంలో వెనామీ సాగుకు దరఖాస్తు చేశాడనుకుందాం. స్థలం ఉప్పుటేరుకు 900 మీటర్ల దూరంలో ఉంది. సమీప ఆవాసంలో జనాభా 650, దూరం 320 మీటర్లు. తాగునీటి చెరువుకు దూరం 140 మీటర్లు. అడంగల్‌లో భూమి బంజరుగా నమోదైంది. తూర్పున వరి మడి ఉంది.

వ్యవస్థ తిరోగామి తర్కంతో మొదటి సూత్రాన్ని పరిశీలించి, దరఖాస్తు చట్టం పరిధిలో ఉందని నిర్ధారిస్తుంది. రెండు, మూడు, నాలుగు సూత్రాల ప్రకారం అభ్యంతరం కనిపించదు. ఐదవ సూత్రం ప్రకారం విస్తీర్ణం చిన్నదైనా, వెనామీ కాబట్టి శుద్ధి చెరువు అవసరమని చెబుతుంది. అనంతరం అనుభవ సూత్రం పనిచేస్తుంది: పక్కన వరి మడి ఉండి, నేల ఇసుకపాలు ఎక్కువైతే, ఊటను అడ్డగించే కాలువ అవసరం. నేల స్వభావం దరఖాస్తులో లేదు. అప్పుడు వ్యవస్థ ఆ సమాచారం కోరుతుంది. ఎందుకని అడిగితే, ‘తూర్పు సరిహద్దున వరి మడి ఉన్నందున ఊట ప్రమాదాన్ని అంచనా వేయడానికి’ అని సమాధానమిస్తుంది.

చివరి నివేదికలో అర్హత, విధించవలసిన షరతులు, తెలియని అంశాలు వేర్వేరుగా కనిపించాలి. తెలియని అంశాన్ని ‘అభ్యంతరం లేదు’ అని లెక్కించే వ్యవస్థ ప్రమాదకరమైనది. సమాచారం లేకపోవడం, ప్రమాదం లేకపోవడం ఒకటి కావు.

అనిశ్చితి, ముందుజాగ్రత్త

మైసిన్ వ్యవస్థ ప్రతి నిర్ధారణకు ఒక విశ్వాస గుణకాన్ని జోడించేది. సలహాకు ఈ పద్ధతి అనువైనదే కాని, నియంత్రణలో దానిని ఆచితూచి వాడాలి. ‘ఊట ప్రమాదం 0.6’ అన్న అంకె రైతుకు గాని, అప్పీలు వినే అధికారికి గాని అర్థవంతం కాదు. ఏ వాస్తవం మారితే నిర్ణయం మారుతుందో చెప్పడం అంతకంటే ఉపయోగకరం.

శాస్త్రీయ అనిశ్చితి ఉన్నప్పుడు నిర్ణయం ఎటు మొగ్గాలన్నది కూడా ముఖ్యమే. హైదరాబాద్‌కు తాగునీరు అందించిన హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల సమీపంలో ఒక పరిశ్రమ స్థాపనపై తలెత్తిన వివాదంలో, 1999 జనవరి 27న సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరించింది. పర్యావరణంలో మార్పు తెచ్చే పనిని చేపట్టదలచినవారే అది హానికరం కాదని నిరూపించుకోవాలని, పర్యావరణ వివాదాలను పరిష్కరించే సంస్థల్లో శాస్త్ర నిపుణులకు స్థానం ఉండాలని అభిప్రాయపడింది. తదుపరి 2010 చట్టంతో ఏర్పడిన జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో నిపుణ సభ్యులకు చోటు లభించింది. నిపుణ వ్యవస్థలోనూ ఈ సూత్రం ప్రతిఫలించాలి. అనిశ్చితి ఉన్నచోట ఆధారాలు సమర్పించే బాధ్యతను అది దరఖాస్తుదారుకు గుర్తుచేయాలి.

ఒక్కొక్క దరఖాస్తు, అన్నింటి భారం

నిబంధనలు ఒక్కొక్క దరఖాస్తును విడిగా పరిశీలిస్తాయి. మురుగు కాలువ మాత్రం అన్ని చెరువుల నీటినీ కలిపి మోస్తుంది. ఏరుల్లోకి వదిలే నీటిలో జీవరసాయన ఆమ్లజని అవసరం లీటరుకు 20 మిల్లీగ్రాములు మించరాదని 2005 మార్గదర్శకాలు పేర్కొన్నాయి. 1.2 మీటర్ల లోతున్న ఒక హెక్టారు చెరువులో 12,000 ఘనపు మీటర్ల నీరు ఉంటుంది. ఆ పరిమితికి లోబడి నీరంతా వదిలినా, అది ఏటిపై మోపే ఆమ్లజని భారం 240 కిలోగ్రాములు. 3 హెక్టార్ల చెరువులు 12 ఒకే కాలువపై ఉండి, ఒకే వారంలో పంట తీస్తే ఆ భారం 8,640 కిలోగ్రాములకు చేరుతుంది. ప్రతి రైతూ నిబంధన పాటించినా ఏటిలో చేపలు చనిపోవచ్చు.

మనిషి కంటే కంప్యూటర్ నిజంగా మెరుగ్గా చేయగల పని ఇక్కడే ఉంది. లోగడ ఇచ్చిన అనుమతులను కాలువల పటంతో అనుసంధానించిన వ్యవస్థ, కొత్త దరఖాస్తు వచ్చినప్పుడు ఆ కాలువపై ఇప్పటికే ఉన్న విస్తీర్ణాన్ని కూడి చూపగలదు. పంట తీసే తేదీలను వంతులవారీగా నిర్ణయించడానికి, ఉమ్మడి శుద్ధి చెరువు ఏర్పాటుకు సూచన చేయగలదు. అనుమతి లేకుండా సాగుతున్న చెరువులు మాత్రం ఈ లెక్కలోకి రావు. వాటికి క్షేత్ర తనిఖీ, ఉపగ్రహ చిత్రాలే ఆధారం.

కారణం చెప్పే బాధ్యత

సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ ప్రకారం పాలనాపరమైన నిర్ణయాలకు గల కారణాలను వాటివల్ల ప్రభావితమయ్యేవారికి ప్రభుత్వ సంస్థలు తెలియజేయాలి. ‘పరిశీలించి తిరస్కరించడమైనది’ అన్న ఒక్క వాక్యం ఈ బాధ్యతను తీర్చదు. ‘కంప్యూటర్ తిరస్కరించింది’ అన్న సమాధానం అంతకంటే లోపభూయిష్టం. నిపుణ వ్యవస్థలోని వివరణ విభాగం ఇక్కడ ప్రత్యేకంగా ఉపకరిస్తుంది. ఏ వాస్తవానికి ఏ సూత్రం వర్తించిందో, ఆ సూత్రానికి మూలమేమిటో అది వరుసగా చూపుతుంది. ఆ ఆధారంతో నిరాకరణకు గురైన రైతు లోపాన్ని సరిదిద్దుకోగలడు. పక్క మడి రైతు అనుమతిని ప్రశ్నించగలడు. ఇద్దరికీ ఒకే పత్రం ఆధారమవుతుంది.

గత నిర్ణయాల నుంచి సరళులను నేర్చుకునే యంత్రాభ్యసన పద్ధతులకు, సూత్రాధార వ్యవస్థలకు గల తేడాను ఈ కోణంలో చూడాలి. గతంలో పొరపాట్లు జరిగి ఉంటే యంత్రాభ్యసనం వాటిని కూడా నేర్చుకుంటుంది; చట్టబద్ధమైన కారణం చెప్పలేదు. ఉపగ్రహ చిత్రాల్లో చెరువులను గుర్తించడానికి అది ఎంతో అనువైనది. అర్హతను నిర్ణయించే తర్కం మాత్రం చదవదగిన సూత్రాల్లోనే ఉండాలి. తుది సంతకం అధికారిదే. వ్యవస్థ సలహాకు భిన్నంగా నిర్ణయిస్తే అందుకు కారణాన్ని ఆయన నమోదు చేయాలి. అటువంటి నమోదులు పెరిగిన సూత్రాన్ని పునఃపరిశీలించవలసి ఉంటుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థుల కర్తవ్యం

నిపుణ వ్యవస్థ నిర్మాణంలో అత్యంత శ్రమతో కూడినది పరిజ్ఞాన సేకరణ. నిపుణుడు తన నిర్ణయానికి దారితీసిన మెట్లను తానే పూర్తిగా చెప్పలేకపోవచ్చు. నిర్దిష్ట ఉదాహరణలు ముందుంచి, ‘ఈ ఒక్క అంశం మారితే ఏమి చేస్తారు?’ అని ప్రశ్నించడం ద్వారా ఆ మెట్లు బయటపడతాయి. రైతుల భాషను, శాస్త్ర పరిభాషను రెండింటినీ ఎరిగిన విస్తరణ శాస్త్రవేత్తలు ఈ పనికి తగినవారు.

రూపొందించిన వ్యవస్థను పూర్వం పరిష్కారమైన దరఖాస్తులతో పరీక్షించాలి. వ్యవస్థకు, కమిటీకి మధ్య భేదం కనిపించిన ప్రతిచోటా పొరపాటు ఎవరిదో తేల్చాలి. అది కొన్నిసార్లు సూత్రంలో, కొన్నిసార్లు రికార్డులో, మరికొన్నిసార్లు పాత నిర్ణయంలోనే ఉండవచ్చు. వ్యవస్థ తెలుగులో ప్రశ్నించి, తెలుగులో కారణం చెప్పాలి. రైతు దరఖాస్తుకు ముందే కృషి విజ్ఞాన కేంద్రంలో తన స్థలాన్ని దానితో సరిచూసుకోగలిగితే, అనర్హమైన భూమిలో చెరువు తవ్వి నష్టపోయే దుస్థితి తప్పుతుంది. ప్రోలాగ్, క్లిప్స్ వంటి ఉచిత సాధనాలతో 20, 30 సూత్రాల చిన్న వ్యవస్థను నిర్మించడం స్నాతకోత్తర విద్యార్థులకు మంచి అభ్యాసం. ఒక నిబంధనను సూత్రంగా రాయబోయినప్పుడే దానిలోని అస్పష్టత తెలుస్తుంది. ఆ అస్పష్టతల జాబితాను నియమావళి రూపకర్తలకు అందించడం కూడా పరిశోధన ఫలితమే.

ముగింపు

తీరప్రాంత రొయ్యల సాగు అనుమతుల్లో నిపుణ వ్యవస్థ అధికారి స్థానాన్ని భర్తీ చేయజాలదు. అన్ని దరఖాస్తులకు ఒకే క్రమాన్ని పాటించడం, కాలువపై పేరుకుపోయే మొత్తం భారాన్ని లెక్కించడం, ప్రతి నిర్ణయానికి కారణాన్ని చూపడం అనే మూడు పనులను అది సమర్థంగా నిర్వహించగలదు. ఇందుకు సూత్రాల మూలాలు, తేదీలు స్పష్టంగా ఉండాలి. తెలియని అంశాలను తెలియనివిగానే చూపాలి. మార్కెట్ అవసరాల వల్ల గాని, చట్ట సవరణల వల్ల గాని నిబంధనలు మారుతూనే ఉంటాయి. గట్టుకు ఇరువైపులా ఉన్న రైతులిద్దరూ చదివి ప్రశ్నించగల కారణాన్ని అందించినప్పుడే ఏ వ్యవస్థ అయినా వారి విశ్వాసాన్ని పొందుతుంది.